పదకొండు తుపాకులు వెనక్కి

హేమ్‌లాక్ నది,
నవంబర్ 12, 1986.

ప్రియమైన రీనోకి,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అడుగు మందం మంచు పడింది, కట్టెలు సరిపడా ఉన్నాయి, మీ నాన్న వేళకి మందులు వేసుకుంటున్నారు. నువ్వూ, నీ ఓడా, ఓడలోని వాళ్లంతా ఈ గాలుల్లో క్షేమంగా ఉన్నారనే అనుకుంటున్నాను. రేడియోలో సరస్సు మీద తుఫాను అన్నప్పుడల్లా నేనేం చేస్తానో నీకు రాయను. నువ్వు నవ్వుతావు.

నీ ఉత్తరం సోమవారం చేరింది. ముందు నువ్వడిగిన వాటికి జవాబు చెప్తాను. పొగగొట్టం మసి నేనే దులిపాను. ఆవిరిస్నానపు గది పొయ్యి తలుపు ఇంకా వంకరగానే ఉంది, కట్టెముక్క అడ్డం పెట్టి నెట్టుకొస్తున్నాం. డెట్రాయిట్‌లో తపాలా పడవ వాళ్లు నీ ఓడ మీదికి తాడుతో అందించిన పార్సెల్‌లో మాంసం కూరిన పేస్టీలు చితికిపోయి ఉంటే ఆ తప్పు నాది కాదు, నేను గుడ్డలో చుట్టే పెట్టాను.

ఇక నీ చివరి ప్రశ్న. "తుపాకుల కొట్లో ఏదో గొడవ చేశావట, ఊళ్లో అందరికీ ఫోన్లు చేసి నాన్న పరువు తీశావట, అక్క రాసింది. తుపాకితో వచ్చిన ట్రిగ్గర్‌నే చెక్కి సరిచేయాలా, కొత్తది కొని బిగించాలా అన్నది ఆయన ఇష్టం. యాభై ఏళ్ల చెయ్యి అది. వెళ్లి క్షమాపణ చెప్పు" అన్నావు.

జరిగింది మీ అక్క చూడలేదు. నేను చూశాను. చెప్తాను విను.

అక్టోబర్ ఆఖరి వారంలో డొలోరెస్ వచ్చింది, స్కూలు బస్సు నడిపే డొలోరెస్. పోయిన చలికాలం వాళ్లాయన పోయాడుగదా, ఆయన తుపాకి పట్టుకొచ్చింది. ఈ ఏడు జింకల వేటకి తనే వెళ్తానంది. ట్రిగ్గర్ మరీ బరువుగా ఉంది, లాగేసరికి గురి చెదిరిపోతోంది, తేలిక చేసిపెట్టండి అంది. నేను కొత్తది తెప్పిద్దామన్నాను. మీ నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "కొన్న ట్రిగ్గర్ ఎవడైనా బిగిస్తాడు. దానికి నా కొట్టెందుకు?" అని తుపాకి తీసుకున్నారు.

ఆయన పని సంగతి నాకు నువ్వు చెప్పక్కర్లేదు. పన్నెండేళ్లుగా ఆ బల్ల దగ్గర ఆయన పక్కన కూచుని నేర్చుకున్నదాన్ని. మంచి రోజుల్లో ఆయన సానరాయి పట్టిన ట్రిగ్గర్‌కి, డబ్బు పోసి కొన్న ఏ ట్రిగ్గరూ సాటి రాదు, ఇప్పటికీ అదే మాట అంటాను. కాని లోపల గుండుని పేల్చే సూదిని పట్టి ఆపే ఆ చిన్న అంచు ఉందే, దాని మీద గట్టి పొర చాలా పల్చన. రాయి రెండుసార్లు ఎక్కువ నడిస్తే పొర పోయి కింద మెత్తటి లోహం బయటపడుతుంది. ఆ తర్వాత అది ఎప్పుడు జారుతుందో దేవుడికే తెలియాలి. అంచు కొంచెం వాలినా అంతే. మీ నాన్న చెయ్యి వణుకుతోంది రీనో. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. కన్ను కూడా ఆనడం లేదు.

డొలోరెస్ తుపాకి సిద్ధమైన రోజు ఆవిడ ఎదురుగానే ఉంది. స్టవ్ దగ్గర మీ నాన్న నేస్తం హెక్టర్ ఎప్పటిలాగే కుర్చీలో పాతుకుపోయి ఉన్నాడు. ఖాళీ తుపాకే. బోల్ట్ వెనక్కి లాగి మూసి, సేఫ్టీ తీసి, భుజానికి ఆనే చివర రబ్బరు సుత్తితో ఒక్కటిచ్చాను. ట్రిగ్గర్ ఎవరూ ముట్టలేదు. లోపల సూది టక్కున పడింది.

"అంత గట్టిగా కొడితే ఏదైనా పడుతుంది" అన్నారు మీ నాన్న.

"చెట్టెక్కేటప్పుడు జారి పడితే ఇంతకంటే గట్టిగానే తగులుతుంది మామయ్యా."

"నేల మీద కూచుని వేటాడమను."

హెక్టర్ నవ్వి, "ఏమోయ్ ఒన్నీ, నీ కోడలు నీ పనికి పరీక్షలు పెడుతోందే" అన్నాడు. ఆ మాటతో మీ నాన్న మొహం ఎర్రబడింది. తుపాకి లాక్కుని డొలోరెస్ చేతికి ఇవ్వబోయారు. నేను మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను.

"ఇది ఈ గుమ్మం దాటదు" అన్నాను.

"బోర్డు మీద ఉన్నది నా పేరు, అమ్మాయ్."

"అవును. అందుకే దాటదు."

డొలోరెస్ మంచి మనిషి. ఇద్దరి మొహాలూ చూసి, "నాకేం తొందర లేదు, మీరిద్దరూ తేల్చుకోండి" అని బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే చిట్టాపుస్తకం తీశాను. ఆగస్టు నుంచి ఆయన చేత్తో తేలికచేసిన ట్రిగ్గర్లు ఇంకో పది ఉన్నాయి. ఆయన ఎదురుగానే కూచుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "తుపాకిలో గుళ్లు పెట్టకండి. వెనక్కి తీసుకురండి. పనిలో తేడా ఉంది" అని చెప్పాను. తేడా ఎవరిదని అడిగిన వాళ్లకి మా కొట్టుదన్నాను. మీ నాన్న మూడో ఫోన్ దాకా విని, కోటు తగిలించుకుని ఇంటికి నడిచిపోయారు. తొమ్మిది రోజులు మన ఇంట్లో భోజనం చేయలేదు. గిన్నె తీసుకెళ్లి ఆయన మెట్ల మీద పెడితే ఖాళీ గిన్నె తిరిగొచ్చేది, మాట మాత్రం రాలేదు.

చర్చి మెట్ల మీద, పోస్టాఫీసులో, నా వెనక ఏమనుకున్నారో మీ అక్క నీకు రాసే ఉంటుంది. ముసలాణ్ణి తోసేసి కొట్టు కాజేస్తోందని కూడా అన్నారట. అననీ.

పదకొండు తుపాకులకీ సుత్తి పరీక్ష పెట్టాను. డొలోరెస్‌దితో కలిపి నాలుగింటికి సూది పడింది. ఒకటైతే బోల్ట్ గట్టిగా మూసినంత మాత్రానే పడింది.

ఇప్పుడు నీకు రెండేళ్లుగా చెప్పని మాట చెప్తాను. కూచుని చదువు.

ఎనభై నాలుగులో నీ తుపాకి ట్రిగ్గర్ మీ నాన్న చేసిచ్చారు. వేట మొదటి వారం మనిద్దరం వెళ్లాం. సన్నదారిలో నేను ముందు నడుస్తుంటే నువ్వు ఆ తుపాకి పట్టుకుని నా వెనకే వచ్చావు. ఇంటికొచ్చాక నువ్వు స్నానానికి వెళ్లావు, నేను తుపాకి శుభ్రం చేద్దామని కూచున్నాను. గుళ్లన్నీ తీసేసే ఉన్నాయి. బోల్ట్ మూశాను. సూది పడింది. మళ్లీ చూశాను, పడింది. ఐదుసార్లకి రెండుసార్లు పడింది. ఆ దారంతా నా వీపు నీ తుపాకికి ఎంత దగ్గరగా ఉందో అప్పుడు గుర్తొచ్చింది.

నీకు చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు. తుపాకి తుప్పు పట్టింది, నూనె పెట్టాలని నీకు అబద్ధం చెప్పి దాచాను. పోస్టులో కొత్త ట్రిగ్గర్ తెప్పించి, నేనే బిగించి, నేనే సరిచేశాను. నువ్వు ఎనిమిది మొనల కొమ్ముల జింకని కొట్టింది దానితోనే. ఓడలో అందరికీ "మా నాన్న చేతిపని, లాగితే గాజు విరిగినట్టు టక్కున తెగుతుంది" అని చెప్పుకున్నది కూడా దాని గురించే. నువ్వు చెప్తుంటే నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ తర్వాత కూడా ఆగలేదు. మీ నాన్న చేసినవాటిలో నాకు అనుమానం వచ్చినవాటిని ఆయన భోజనానికి వెళ్లినప్పుడు విప్పి మార్చేశాను. ఈ వేసవిలో పని మీద పని పడి అన్నీ చూడలేకపోయాను. నేను మార్చినవాళ్లంతా ఆయన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు విని ఆయన తన చెయ్యి ఇంకా అలాగే ఉందనుకున్నారు. అసలు పాపం అక్కడుంది రీనో, ఫోన్లలో కాదు. ఆయన మనసు నొప్పించకూడదని ఊళ్లోవాళ్ల ప్రాణాలతో ఆడాను.

మొన్న ఆదివారం నీ పాత ట్రిగ్గర్ పట్టుకుని ఆయనింటికి వెళ్లాను. యాలకుల రొట్టె కోస్తున్నారు. బల్ల మీద పెట్టాను. భూతద్దం తెచ్చుకుని చాలాసేపు చూశారు.

"ఎవరి పని ఇది?"

"మీదే మామయ్యా. రీనో తుపాకిది."

మళ్లీ చూశారు. "అంచు వాలిపోయింది" అన్నారు, వేరే ఎవరి పనో చూసి అన్నట్టు. తర్వాత అంతా చెప్పాను. ఒక్కటీ దాచలేదు.

"రెండేళ్లు నన్ను పిచ్చివాణ్ణి చేశావు."

"చేశాను. అది తప్పే. క్షమించండి."

"మరి ఊరంతా ఫోన్లు?"

"అది తప్పు కాదు. మళ్లీ చేయాల్సొస్తే మళ్లీ చేస్తాను."

ఆయన రొట్టె ఇంకో ముక్క కోశారు. దాన్ని నా వైపు జరిపారు. తిన్నాను.

సోమవారం పొద్దున నాకంటే ముందే కొట్టు తెరిచి కూచున్నారు. ఆ తొమ్మిది రోజుల్లో నేను కొత్త ట్రిగ్గర్లు బిగించిన తుపాకుల్ని ఒక్కొక్కటే తీసి సుత్తితో కొట్టారు. నాకంటే గట్టిగా కొట్టారు. ఒక్కటీ పడలేదు. డొలోరెస్‌ది లాగి చూసి, నాతో కాకుండా స్టవ్ వైపు తిరిగి, "హెక్టర్, ఆవిడతో చెప్పు, ఇది టక్కున తెగకుండా ముందు కొంచెం పాకుతోంది. మరమేకు పావు చుట్టు తిప్పమను" అన్నారు. తిప్పాను. ఆయన చెప్పిందే నిజం. వేలికి ఆ తేడా ఇంకా తెలుస్తోంది ఆయనకి. అందుకే ఇకనుంచి బిగించేది నేను, లాగి చూసి ఒప్పుకునేది ఆయన. ఈ ఏర్పాటు కూడా హెక్టర్ ద్వారానే కుదిరింది.

కాబట్టి నువ్వు చెప్పమన్న క్షమాపణ చెప్పను. చెప్పాల్సింది చెప్పేశాను, అది వేరే. నువ్వు కోప్పడితే పడు. నీ తుపాకి విషయం దాచినందుకు నన్ను ఏమన్నా పడతాను. మార్చినందుకు మాత్రం ఒక్క మాట కూడా పడను. ఇకమీదట మీ నాన్న చేతిపని గురించి ఏమైనా తెలుసుకోవాలంటే నన్నడుగు, అక్కని కాదు.

పదిహేనో తారీకు కొట్టు మూసేసి డొలోరెస్, నేను వేటకి వెళ్తున్నాం. మీ నాన్నకి తనూ రావాలని ఉందట, హెక్టర్ వచ్చి చెప్పాడు. నోరు తెరిచి నన్నే అడిగితే తీసుకెళ్తానని తిరిగి చెప్పించాను. ఇంతవరకూ అడగలేదు. ఇంకా మూడు రోజులుంది.

ఇట్లు,
నీ మీద బెంగ తగ్గని, అన్న మాటమీద తగ్గని
నీ భార్య,
ఎల్మా