నాన్న గొంతు ఆగిన నాలుగు రోజులు

ప్రియమైన అక్కకు,

ఇక్కడ అమ్మా నేనూ వేళకు తింటున్నాం, పడుకుంటున్నాం. అంతకు మించి క్షేమమని రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. నీ ఓడ ఏ రేవులో ఉన్నా, నువ్వు ఆ ఇంజను గదిలో చేతులు కాల్చుకోకుండా పని చేసుకుంటున్నావని అనుకుంటాను.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నాన్న కుట్టుమిషను మేం అమ్మలేదు. అమ్మ దాని మీదే ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటోంది. దుకాణం తాళాలు ఇచ్చేశాను గానీ కొలతల పుస్తకాలు మాత్రం ఇంటికి తెచ్చాను.

కంప్యూటర్ పాడైందని అమ్మ రాసిందట, ఎలా పాడైందని అడిగావు. దానంతట అది పాడవలేదు. నేనే పాడుచేశాను.

పక్షవాతంతో మాట పడిపోయాక నాన్న ఎడమచేతి చూపుడు వేలితో టైపు చేసేవాడు కదా. పాత రికార్డింగుల నుంచి తయారుచేసిన ఆయన గొంతుతోనే కంప్యూటర్ ఆ మాట పలికేది. పలకడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం నేను భరించలేకపోయాను. రోజంతా మిషను తొక్కుతూ గలగలా మాట్లాడిన మనిషి, ఒక జోకు టైపు చేసి, అది బయటికి వచ్చేలోపు మేం నవ్వుతామో లేదోనని మా మొహాలు చూస్తూ కూర్చునేవాడు.

ఆ బుధవారం ప్రాసెసర్ వేగం పెంచాను. ఓవర్‌క్లాకింగ్ అంటారు. నీ భాషలో చెప్పాలంటే, ఇంజనును తయారుచేసినవాళ్లు చెప్పినదానికంటే ఎక్కువ తిప్పడం. మొదట కొంచెం పెంచితే అర నిమిషం కాస్తా పాతిక సెకన్లయింది. నాన్న బొటనవేలు ఎత్తి చూపించాడు. నాకు ఆశ పుట్టింది. ఇంకా పెంచాను. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాను తిరిగింది, తెర వెలగలేదు.

మూడు రోజులు విప్పాను, బిగించాను. ర్యామ్ ముక్కలు తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. తీగలు మార్చాను. పక్కింటివాళ్ల మానిటర్ అడిగి తెచ్చి తగిలించాను. కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోను చేస్తే, ఊళ్లో లేనని, సోమవారం వస్తానని అన్నాడు. ఆదివారం పొద్దున నాన్న పోయాడు.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఆ తరవాతి గురువారం వచ్చాడు. మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టాడు. నేను పెంచిన వేగాన్ని కంప్యూటర్ మరిచిపోయింది. తెర వెలిగింది. సరిచూడటానికి ఆయన "బాగుందా" అని టైపు చేశాడు. అర నిమిషానికి నాన్న గొంతు ఆ మాట పలికింది. అమ్మ తడి చేతులతో వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమన్నారు?" అంది.

పది నిమిషాల పని అక్కా. నాకు తెలియలేదు.

ఇక నువ్వు చివర్లో అడిగిన మాట. నాన్న ఆఖరికి నిన్నే తలుచుకున్నాడని రాశాను కదా, సరిగ్గా ఏమన్నాడో చెప్పమన్నావు.

కంప్యూటర్ ఆగాక అమ్మ ఒక అట్టమీద అక్షరాలు రాసిపెట్టింది. నాన్న వేలితో చూపిస్తే మేం కలుపుకునేవాళ్లం. శనివారం సాయంత్రం అమ్మ మందులకు వెళ్లింది. నేను నేల మీద కూర్చుని స్క్రూలు బిగిస్తున్నాను. నాన్న అట్టమీద తట్టాడు. తిరిగి చూస్తే వేలు 'అ' మీద ఉంది. "ఒక్క నిమిషం నాన్నా, అయిపోవచ్చింది" అని మళ్లీ పెట్టె వైపు తిరిగాను. ఇంకో రెండుసార్లు తట్టాడు. తరవాత తట్టలేదు. నేను లేచి వెళ్లేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ నిద్రలోనే పోయాడు.

ఆ 'అ' పక్కన 'క్క' చేర్చింది నేను. అమ్మ కావచ్చు, అలసట కావచ్చు, అటు తిప్పి పడుకోబెట్టమని కావచ్చు. అంత దూరాన ఉన్న నీకు ఉత్త చావు కబురు పంపలేక అలా రాశాను.

నిన్న ఇదంతా అమ్మకు చెప్పాను. మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది. ఆ తరవాత, "అయితే నీ వీపు చూస్తూ పడుకున్నారన్నమాట" అంది. లేచి వెళ్లి, కాసేపటికి భోజనానికి పిలిచింది.

నువ్వు కోప్పడితే కోప్పడు, ఎన్నాళ్లైనా సరే. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క తమ్ముడు