గోడవైపు తిప్పిన లాప్‌టాప్

శుక్రవారం, రాత్రి

ఫిల్మ్ నగర్ ఆఫీసులో ఇవాళ గుమ్మడికాయ కొట్టాం. షూటింగ్ ముగిస్తే సినిమావాళ్లు కొట్టినట్టే, ఒక సినిమాకు మా గ్రాఫిక్స్ పని పూర్తయితే మేమూ కొడతాం. ఇంటినుంచి పనిచేసే ముగ్గురూ చూడాలని వీడియో కాల్ పెట్టించింది నేనే. తామూ ఈ టీమేనని వాళ్లకు అనిపించాలని నా తాపత్రయం.

కుంకుమ చిందుతుందని కొట్టేముందు లాప్‌టాప్‌ను గోడవైపు తిప్పాను. మళ్లీ ఇటు తిప్పడం మరిచిపోయాను. అంతటితో ఆగినా బాగుండేది. స్వీట్లు పంచుతూ రమేష్ అన్నాడు: "ఇంట్ల కూసునేటోళ్లకు గూడ డబ్బా పంపాల్నా అక్కా? పని మొత్తం గీడ మనమే చేసినం గద!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ సినిమాలో వాన సీన్లన్నీ స్వరూప చేసినవే. వెంగళరావు నగర్‌లోని తన ఇంట్లో చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని చేసింది. రమేష్‌కు ఆ సంగతి తెలియదు. నేనెప్పుడైనా చెబితేగా!

కాల్ ఇంకా నడుస్తోందని అరగంటకు గమనించాను. ఇద్దరు వెళ్లిపోయారు, స్వరూప ఒక్కతే మిగిలింది. సారీ చెప్పాను.

"ఫికర్ చెయ్యకు అక్కా. గోడే కనవడ్డది గానీ, అన్నీ మంచిగ వినవడ్డయ్."

సాయంత్రం స్వీటు డబ్బా పట్టుకుని వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లాను. ఏమని ఇవ్వను? తిరిగొచ్చేశాను.

రమేష్ గొంతు ఆమెకు అంతగా తెలియదు. నా నవ్వు మాత్రం ఎంతమందిలోనైనా గుర్తుపడుతుంది. రోజూ పొద్దున ఆ ముగ్గురితో మీటింగ్ దాంతోనే మొదలుపెడతాను.