వేపమండలు కట్టిన గడప

బంట్వారం దగ్గర మన ఊరు
సెప్టెంబరు 1948

నవాబుపేటలో అక్క ఇంట పురిటికి ఉన్న భాగమ్మకు,

ముసురు విడవలేదు. జొన్నచేలో కలుపు సగమే అయింది. భయంతో కూలీలు రావడం లేదు.

మన గడపకు వేపమండలు కట్టారని, నా చెల్లెలు ఈశ్వరమ్మకు మశూచి పోసిందని నీకు కబురు అందవచ్చు. నమ్మకు. ఆ మండలు అమ్మ కావాలనే కట్టింది. లోపలి గదిలో ఈశ్వరమ్మతో పాటు దర్జీ గులాం నబీ భార్య అలీమాబీ, కూతురు రజియా దాక్కుని ఉన్నారు.

నిజాం లొంగిపోయినప్పటి నుంచి మనుషులు గుంపులుగా తిరుగుతున్నారు. రజాకార్లు చేసినదానికి బదులంటున్నారు. గులాం నబీ ఎప్పుడు రజాకారు? పుట్టబోయే బిడ్డకని నీకు ముందే అంగీ కుట్టి ఇచ్చాడు. మంగళవారం అతన్ని దుకాణం ముందే కొట్టి చంపారు. నేను చేలోంచి వచ్చేసరికి అయిపోయింది. ఆ గుంపులో మీ అన్న అనంతయ్య కర్ర పట్టుకుని ఉన్నాడు. కొట్టాడో లేదో తెలియదు. ఆపలేదన్నది తెలుసు. ఇక అతను మన గడప తొక్కకూడదు. నీకు కష్టంగా ఉంటుందని తెలిసీ రాస్తున్నాను.

ఇది నవాబుపేటకు వస్తున్న మన ఊరి బాల్‌రాజ్ చేత పంపుతున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి. నేను చెప్పేదాకా రావద్దు.

ఇట్లు,
హన్మయ్య


భాగమ్మకు,

బిడ్డ పుట్టిందని బాల్‌రాజ్ చెప్పాడు. అమ్మ సంతోషించింది. వాన తెరిపిచ్చింది.

ఆదివారం గుంపు మన వాకిట్లోకి వచ్చింది. వేపమండలు చూసి ఆగారు. అప్పుడే అలీమాబీ, ఊరికే కూర్చోలేక, అమ్మ జొన్నలు విసురుతుంటే పప్పు వండింది. తల్లి పోసిన ఇంట్లో పోపు పెట్టరని ఆమెకూ తెలుసు. చేతి అలవాటున వెల్లుల్లి వేసింది. వాసన వాకిటిదాకా వచ్చింది.

ముందు మీ అన్నే అడిగాడు. "అత్తా, తల్లి ఉన్నింట్ల పోపు వాసనేంది?"

"నోరు చప్పగైంది, నేనే పెట్టిన. పాపం నాకే తగుల్తది," అంది అమ్మ.

వెనక ఒకడు నవ్వాడు. "ముసల్దానికి నాలిక జోరుగనే ఉన్నది. ఈశ్వరమ్మను జర చూపియ్యుమను."

నేను గొడ్డలి పట్టుకుని గడపకు అడ్డం నిలబడ్డాను. మీ అన్న నన్ను పక్కకు జరిపాడు. నీ తోడబుట్టినవాడని గొడ్డలి ఎత్తలేకపోయాను. "నేను చూసొస్త. ధైర్యమున్నోళ్ళు రాండ్రి," అన్నాడు. ఎవరూ కదలలేదు.

లోపలికి పోయినవాడు ఎంతకీ రాలేదు. వచ్చి, "మొహమంత పోసింది. ఆనవాలు వట్టలేక పోయిన," అన్నాడు.

గుంపు వెనక్కి జరిగింది. అతని నుంచి కూడా జరిగింది. ఇంటికి పోతే మీ వదిన చంద్రవ్వ గడప దగ్గరే ఆపిందట. "పిల్లగాండ్లున్నరు, లోపలికి రాకు." నిజం చెబితే ఊరంతా పాకుతుందని మీ అన్న ఆమెకు చెప్పలేదు. మన పశువుల కొట్టంలోనే ఉన్నాడు.

"గులాం నబీని నేను కొట్టలే బావా. ఆపలే గూడ," అన్నాడు. నేను పశువులకు గడ్డి వేసి వచ్చాను.

గురువారం మీ అన్న బండికి వేపమండలు కట్టి, అలీమాబీకి, రజియాకు దుప్పటి కప్పి తాండూరుకు తోలాడు. నేను వెంట నడిచాను. మండలు చూసి దారిలో ఎవరూ దగ్గరికి రాలేదు. స్టేషను దగ్గర నాపరాళ్ళ కుప్పల పక్కన వాళ్ళు దిగుతుంటే, మన వాకిట్లో నవ్వినవాడు చూశాడు. "అనంతయ్యా, ఇగ నువ్వు ఊళ్ళె ఎట్ల బతుకుతవో చూస్త," అని మనుషులను కేకేశాడు. మీ అన్న వాళ్ళిద్దరినీ రైలు పెట్టెలోకి ఎక్కించి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. రైలు కదిలింది. దిగితే చంపుతారు. "చంద్రవ్వకు నిజం చెప్పు బావా. చేను జర చూస్కో," అన్నాడు.

చంద్రవ్వకు చెప్పాను. "గడప కాడనే నిలవెట్టిన గద," అంది.

మొదటి ఉత్తరంలో అతను మన గడప తొక్కకూడదని రాసిన మాట మనసులోంచి తీసెయ్యి. రేపు అతని చేలో కలుపు మొదలుపెడతాను.

అలీమాబీ, రజియా, మీ అన్న గురువారం సాయంత్రం రైల్లో హైదరాబాదు వెళ్ళారు.

ఇట్లు,
హన్మయ్య