మందు దిగేదాకా

అక్కా,

నేను కులాసాగానే ఉన్నాను. దోమతెర లేకుండా పడుకోవడం లేదు, బెంగపడకు.

టీకాలకు వచ్చే పసిపిల్లలకు మలేరియా రాకుండా ముందుగానే ఒక మందు వేసి, అది ఎంతవరకు కాపాడుతుందో పరిశీలిస్తున్నాం. సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది అందిందో చివరిదాకా మాకూ తెలియదు. వేశాక అరగంట కనిపెట్టుకుని ఉండి, కక్కితే మళ్లీ వేయాలి. నిన్న మన పాప ఈడు పిల్ల ఒకతె నా భుజం మీదే కక్కి, రెండోసారి వేయగానే అక్కడే నిద్రపోయింది. అరగంట దాటింది. తల్లి నవ్వుతూ, "మందు ఎప్పుడో దిగిపోయుంటుంది డాక్టరమ్మా. నా పిల్లను నాకిస్తారా, మీరే పెంచుకుంటారా?" అంది.

"ఇంకాస్త చూద్దామమ్మా, కక్కుతుందేమో" అన్నాను. ఇక కక్కదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసినట్టుంది, "సరే, నేనూ కాస్త నడుం వాలుస్తా" అని బల్ల మీద ఒరిగింది.

పాపకు కింది పళ్లు వచ్చాయా? బిగుతైపోయిన గౌన్లు ఎవరికీ ఇచ్చేయకు. అవి వేసుకోగా నేను చూడనే లేదు. ఇక్కడి పిల్లలందరికీ ఏడాది నిండేదాకా చూస్తేగాని ఫలితం తేలదు కనుక మధ్యలో వదిలి రాలేను. పాప నిన్ను "అమ్మా" అంటోందని, ఎలా మాన్పించాలో తోచడం లేదని రాశావు. మాన్పించవద్దు అక్కా. పిలిచినప్పుడు ఎవరో ఒకరు పలకాలి కదా.

బావగారికి నమస్కారాలు, పాపకు నా దీవెనలు.

నీ చెల్లెలు