కండ్లద్దాలు పెట్టుకుంటివా అక్కా?

చెన్నై,
ఆదివారం

అక్కకు,

చెల్లెలు పద్మ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, మన లహరీ బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? కోడుమూరులో వాన పడిందా? ఇక్కడ వాన లేకుండానే ఆరేసిన బట్టలు తడిగా ఉంటాయి. హాస్టల్లో అన్నం బాగానే పెడతారు, ఉగ్గాని మాత్రం ఎవరికీ తెలియదు. వీలైతే పప్పుల పొడి పంపు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాను.

ఫోన్‌లో చెబితే మధ్యలో ఏడుస్తానని రాస్తున్నాను.

తమ్ముడు రాజు కన్నుమూసే ముందు నాకొక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు, గుర్తుందా? అందులో విండోస్‌కు బదులు వాడే లినక్స్ పెట్టాడు. అది పెట్టి ఆన్ చేస్తే ఎవరి కంప్యూటరైనా నాదే అయిపోయేది. నా కళ్లకు ఆనే పెద్ద తెలుగు అక్షరాలు, ఎడమపక్క నా ఫైళ్లు. తీసేస్తే మళ్లీ ఎవరిది వాళ్లదే. "యాడికి పోయినా నీ బల్ల నీతోనే ఉంటాదిలే" అన్నాడు. తెరుచుకోగానే వాడు రాసిన మాట కనిపించేది: "కండ్లద్దాలు పెట్టుకుంటివా అక్కా?"

ఈ పాఠ్యపుస్తకాల ఆఫీసులో నా పని ప్రూఫులు దిద్దడం. ఇక్కడ విండోస్ తప్ప మరొకటి వాడకూడదు, పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. నాకు తెలుసు. అయినా భోజనాల వేళ అందరూ లేచాక పెట్టుకునేదాన్ని. పని సులువవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట చూడటానికేనేమో.

పోయిన వారం తీయడం మరచి మీటింగుకు వెళ్లాను. కంప్యూటర్లు చూసే బాషా పట్టుకున్నాడు. మన కడప అబ్బాయే.

"ఏం మేడమ్, మనోళ్లై ఉండి నా ఉద్యోగానికే ఎసరు పెడ్తాండారే!"

"ఇంకెప్పుడూ పెట్టను, అది ఇచ్చేయప్పా."

"అంతా తుడిచే ఇయ్యల్ల, రూలు. కావాల్సినవి తీసుకోండి. పది నిమిషాలు టీకి పోయొస్తా."

ఫోటోలు, నా రాతలు ఫోన్‌లోకి తీసుకున్నాను. లినక్స్ ఎక్కడైనా దొరుకుతుంది కదా అనుకున్నాను. బాషా తుడిచి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో నిన్న నెట్ సెంటర్‌లో అదే మళ్లీ పెట్టించాను. తెరుచుకుంది. ఏమీ అడగలేదు. వాడి మాట నా ఫైళ్లలో లేదక్కా, ఆ లినక్స్‌లోనే ఎక్కడో రాసిపెట్టాడు. పది నిమిషాల్లో నాకది తట్టలేదు. బాషాను ఏమనగలను?

ఇప్పుడు అసలు సంగతి. రాజు పాత లాప్‌టాప్‌ను కర్నూలు షాపులో ఇచ్చి, లహరి కాలేజీకని వచ్చే నెల విండోస్ వేయిస్తామన్నారు కదా. అలా వేస్తే వాడు పెట్టినదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాస్త ఆగమను. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు వాడు అంతా అందులోనే చేసి చూసుకున్నాడు. ఆ మాట ఉండొచ్చు. లేకపోనూవచ్చు. చదువుకునే పిల్లకు అడ్డుపడుతున్నానా అనిపిస్తోంది. "నాదేముందిలే, పాపకియ్యి" అని వాడే అనేవాడేమో.

ముందొకసారి నువ్వు తెరిచి చూడు. అది ఆ మాట అడిగితే, పద్మ పెట్టుకుందని చెప్పు. ఆ తెరను ఫోటో తీసి పంపి, లాప్‌టాప్ లహరికి ఇచ్చేయి. అడగకపోతే నాకేమీ రాయొద్దు. ఇచ్చేయి.

బావకు నమస్కారాలు, లహరికి ముద్దులు. పెద్దమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు.

నీ దీవెన కోరుతూ,
చెల్లెలు
పద్మ