ఐదు గంటల సేమ్

మదనపల్లె

రికార్డుల భద్రతా విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మదనపల్లె, కుప్పం కేంద్రాల్లోని రెండు వర్చువల్ మెషీన్లు ఒకే తీరుగా లేకపోవుట – తొలగింపు నోటీసుకు నా సంజాయిషీ – గురించి.

మదనపల్లె కేంద్రంలో ఆరేండ్లుగా కాంట్రాక్టు టెక్నీషియనుగా ఉన్న షేక్ జమీర్ వ్రాసుకొను మనవి.

1. వర్చువల్ మెషీను అనగా విడిగా ఒక ఇనుప పెట్టె కాదని, పెద్ద కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో నిలబెట్టిన మరో కంప్యూటరని తమరికి తెలిసినదే. పుంగనూరు, సదుం, సోమల మండలాల జనన పత్రాల్లో చేసిన ప్రతి సవరణా ముందు మదనపల్లె మెషీనులోకి ఎక్కును. వెంటనే దాని నకలు కుప్పం మెషీనుకు పోవును. ఒకటి పనిచేయక పడిపోతే రెండోది ఆదుకోవలెనని ఏర్పాటు.

2. నకలు చేరినదీ లేనిదీ కుప్పంలో మాత్రమే కనిపించును. కావున ప్రతి పనిదినం సాయంత్రం ఐదింటికి కుప్పం టెక్నీషియను దినేష్‌కు ఫోను చేసి, నా మెషీనులోని చివరి నమోదు సంఖ్య చదివి, "సేమా?" అని అడిగేవాణ్ణి. "సేమే అప్పా" అనేవాడు.

3. గత నెల మదనపల్లె మెషీను పడిపోయినది. కుప్పం మెషీను తెరిచి చూడగా అందులో పదకొండు నెలల కిందటి సంఖ్య ఉన్నది. డిస్కు నిండి నకలు ఆగిపోయిన సంగతి దినేష్‌కు మొదటి వారంలోనే తెలుసునట. కొత్త డిస్కు వస్తుందిలే అని ఊరుకున్నాడట. ఊరుకుని, రెండువందల అరవై సాయంత్రాలు నాకు "సేమ్" చెప్పినాడు. పుంగనూరులో నెలనెలా జరిగే సమావేశాల్లో నా పక్కనే కూర్చుని నా టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నాడు. ఈ వాక్యం సంజాయిషీకి అవసరం లేదని తెలిసియే వ్రాయుచున్నాను.

4. పోయిన సవరణల్లో సదుం వాస్తవ్యురాలు గోవిందమ్మది ఒకటి. కూతురి జనన పత్రంలో తల్లి పేరు "గోవిందప్ప" అని పడగా, మూడుమార్లు తిరిగి దిద్దించుకున్నది. పాత నకలు తెరిచినందున ఇప్పుడు మరల గోవిందప్పే. "ఏమప్పా, నన్ను మళ్లీ మొగోణ్ణి సేసినావే" అని నా కిటికీ దగ్గర నిలబడి అడిగినది. దినేష్ కిటికీకి ఎవరూ రారు.

5. విచారణలో దినేష్ ఇచ్చిన వాంగ్మూలం నాకు చూపించినారు. "జమీరే ముందు సంఖ్య చెప్పి సేమా అనేవాడు. నా సంఖ్య ఎంతని ఒక్కనాడూ అడగలేదు" అని వ్రాసి ఇచ్చినాడు. అతడి ఉద్యోగం నిలిచినది, నాకు తొలగింపు నోటీసు వచ్చినది. మెషీను పడిపోయిన నాడు కూడా నాకింత బాధ కలగలేదు.

6. అతడు వ్రాసినది అబద్ధం కాదు. నిబంధన ప్రకారం ఎవరి సంఖ్య వారు చదవవలెను. మూడేండ్ల కిందట దినేష్ భార్య యమున కాన్పుకు ఆసుపత్రిలో ఉన్ననాడు, అతడు అక్కడి నుంచి మెషీను గదికి పరుగెత్తకూడదని, "నువ్వు యాడికీ పోవద్దు అప్పా, ఆడనే ఉండు. నంబరు నేను సదువుతా, నువ్వు సేమ్ అను సాలు" అన్నది నేనే. మరునాటి నుంచీ అదే అలవాటై పోయినది. తప్పు ఒప్పుకొనుచున్నాను. కానీ నేనెందుకు అట్లా అడిగేవాణ్ణో ఆ వాంగ్మూలంలో ఒక్క ముక్కా లేదు.

కావున నా తొలగింపు నోటీసు రద్దుపరచ ప్రార్థన. వీలుకాదంటే అదే నోటీసు, అదే తేదీతో, కుప్పానికీ పంపవలెను. ఇదొక్కటైనా రెండు చోట్లా ఒకటిగా ఉండవలెనని నా కోరిక, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ జమీర్

మరొక మాట: నిన్న పై అర్జీకి సంతకం పెట్టినాక, ఐదింటికి దినేష్ ఫోను చేసినాడు. చదవడానికి ఇద్దరి దగ్గరా సంఖ్యలు లేవు. "మనం ఎప్పటి మాదిరే ఉండాం గదా జమీర్? సేమే గదా?" అన్నాడు. "సేమే అప్పా" అనేసినాను.

అది చూడకుండా చెప్పిన మాట. రికార్డులో చేర్చవద్దని మనవి.