నాయన మడమ

సూర్యాపేట,
9 నవంబర్ 2025, ఆదివారం.

గోపి అన్నకు,

నీ చెల్లె మంజుల దండం పెట్టి రాస్తున్న జాబు. జాబు మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని బడిలో సారు నేర్పాడు. అటు నువ్వు జైల్లో ఉన్నావు, ఇటు నాయన ఒంటికాలితో మంచం మీద ఉన్నాడు. ఎవరి కుశలం రాయాలో తెలియక ఆ మాట వదిలేస్తున్నాను. అమ్మ వేళకు తింటున్నది. మందలో సగం అమ్మేశాం, మిగిలినవాటిని అమ్మే తోలుకుపోతున్నది. ఈ జాబును మీ జైలు ఆఫీసులో విప్పి చదువుతారని తెలుసు. చదవనీ.

మొన్న నాయన చంకకర్రల మీద ములాఖత్‌కు వచ్చినప్పుడు నువ్వన్న మాట నాకు చెప్పాడు. పద్దెనిమిదో తారీఖు ప్రేమ్‌కుమార్ కోర్టుల మాట మారుస్తడంట, నేను బయటికొచ్చిన రోజే వాని రెండో మడమ గూడ తీస్త, అన్నావట. నీ బెయిలు రెండుసార్లు పోయిందీ ఈ నోటితోనే. జడ్జి ముందు కూడా అదే మాట అన్నావు. అది నోరా, తూమా? ఫోన్లో అయిదు నిమిషాలిస్తే నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, అంతటితో టైమ్ అయిపోతుంది. కాగితంతో నువ్వు అరవలేవు. అందుకే రాస్తున్నాను. నువ్వు బయటికొచ్చి అతన్ని మళ్లీ నరికితే అతను బతకడు, ఆ తర్వాత నువ్వూ బతకవు. నా భయమంతా అదే.

నేనేం చదువుతున్నానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పోడియాట్రీ అంటే పాదాల వైద్యం. షుగర్ ఉన్నవాళ్ల పుండ్లు, ఆనెకాయలు, పగుళ్లు చూసే ట్రైనింగ్. ఊళ్లో దీన్ని కాళ్లు కడిగే చదువు అంటున్నారు, అననీ. నాయన కాలు పోయాక ఇదే చదవాలని పట్టుబట్టి చేరాను. ముందు ఫిజియాలజీ చెప్తారు. గుండె నెత్తురును ఎలా తోస్తుంది, నరం కబురు ఎలా మోస్తుంది, కండ ఎలా బిగుస్తుంది అన్నీ నేర్చుకోవాలి. శాంతాబాయి మేడం చెప్తుంది. ముప్పై ఏళ్లు దవాఖానలో నర్సుగా చేసి వచ్చిన మనిషి. ఆమె గొంతు మన పొట్టేలు గొంతు కంటే పెద్దది.

మడమ వెనక గట్టిగా చేతికి తగిలేదాన్ని మనం మడమ నరం అంటాం. అది నరం కాదన్నా. పిక్కలోని కండను మడమ ఎముకకు బిగించి కట్టిన పట్టీ. ఒంట్లో అంత బలమైన పట్టీ ఇంకొకటి లేదట. దాన్ని నువ్వు కొమ్మలు కొట్టే గొడ్డలితో ఒక్క దెబ్బకు తెంచావు. తెగినది తెగిన చోట ఉండదు. టప్పుమని ఎగిరి పిక్కలోకి ముడుచుకుపోతుంది. ప్రేమ్‌కుమార్ ఆ చప్పుడు విని మోటారు పైపు పగిలిందనుకున్నాడట. అడుగేయబోతే పాదం మాట వినలేదట. వరిమడిలో బోర్లా పడి, నోట్లోకి పోయిన బురద ఉమ్ముకుంటూ మోచేతుల మీద గట్టుకు పాకాడట. పారుతున్న నీళ్లు ఎర్రబడ్డాయట. నువ్వు గట్టు మీద నిలబడి చూశావట. పిక్కను మా పుస్తకంలో రెండో గుండె అంటారు. అడుగేసినప్పుడల్లా అది బిగిసి కాలిలోని నెత్తురును పైకి తోస్తుంది. అతని పిక్క ఇప్పుడు ఆ పని సరిగ్గా చేయదు. సాయంత్రానికి కాలు సొరకాయలా ఉబ్బుతుంది.

కోపంలో చేయి దానంతటదే లేచిందని నువ్వు వకీలుకు చెప్పావట. మాకు దాని మీద కూడా పాఠం ఉంది. ముల్లు తొక్కితే మెదడుకు కబురు అందకముందే కాలు లేస్తుంది. వెన్నుపాము దగ్గరే ఆ హుకుం వచ్చేస్తుంది. దాన్ని రిఫ్లెక్స్ అంటారు. రెప్పపాటు కూడా పట్టదు. నువ్వేం చేశావు? వాడపల్లి దగ్గర మందను వదిలేసి మిర్యాలగూడ దవాఖానకు వచ్చావు. వాళ్లు నాయన కాలును గుడ్డలో చుట్టి నీ చేతికిచ్చారు. దాన్ని రైస్‌మిల్లు వెనక ఊక కుప్పల పక్కన నీ చేతులతోనే తవ్వి పాతిపెట్టావు. నీళ్లు కూడా పోసుకోకుండా బండెక్కి, గంటన్నర నడుపుకుంటూ కోదాడ దాటి, అనంతగిరి దారిలో అతని పొలం దాకా వచ్చావు. దారిలో పెట్రోలు కూడా పోయించుకున్నావు. దాన్ని రిఫ్లెక్స్ అనరన్నా.

నేనేమీ దేవతను కాను. మనిద్దరం ఒక్క తల్లి బిడ్డలమే. ఆగస్టులో ప్రేమ్‌కుమార్ మా క్లినిక్‌కు వచ్చాడు. నడక మారిపోయి అరికాలి కింద ఆనె కట్టింది. దాన్ని చెక్కే పని నాకు పడింది. అతని మడమ నా ఒళ్లో ఉంది, చేతిలో కత్తి ఉంది. ఆ కత్తి ఎంత పదునంటే తెగిన సంగతి నెత్తురు వచ్చాక గానీ తెలియదు. చీటీ మీద అతని పేరు, ఊరు చూశాను. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారు చూడు, ఆ రోజు నాకు తెలిసింది. కావాలనే లోతుగా దించాను. నా చేతి మీద నెత్తురు చిమ్మింది. సంతోషం కూడా వేసింది, నీ దగ్గర అబద్ధమెందుకు?

అతను కాలు లాక్కోలేదు. మంజులవి కదా నువ్వు, ఇంకింత కోసుకో చెల్లె, మీ నాయన కాలు తీసినోన్ని నేను, అన్నాడు. నా మడిల పడ్డ మీ సూడి గొర్రె నడుము ఇరగ్గొట్టింది నేనే, మీ నాయన కట్టెతో నా చెవి పగలగొడితే పార ఇసిరింది నేనే, అది మడమకు తగుల్తదనుకోలే, అన్నాడు. మీ అన్న పేరు కోర్టుల చెప్ప, ముఖానికి తువ్వాల ఉండె, గుర్తువట్టలేదని చెప్త, మీ నాయన కాలికి నా కాలు, ఇగ సరిపాయె, అన్నాడు. శాంతాబాయి మేడం నెత్తురు చూసి పరుగున వచ్చింది. నా చేతిలో కత్తి లాక్కుని అందరి ముందు చెంప మీద ఒక్కటిచ్చింది. పగ తీర్చుకునేదానివైతే మాంసం దుకాణం పెట్టుకో పో, అని తిట్టింది. ఆ చెంప రెండు రోజులు మండింది. అయినా ఆమె అన్నది నిజమే.

ఇక అసలు సంగతి రాస్తాను, కుదురుగా చదువు. సెప్టెంబరులో నరాల పాఠం వచ్చింది. నాయనకున్నట్టు షుగర్ ముదిరితే ఒంట్లో పొడుగాటి నరాలు ముందు చస్తాయట. అన్నిటికంటే పొడుగైనవి పాదాలకు పోయేవి. అందుకే పాదాలు ముందు మొద్దుబారతాయి. మొలలు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. పాఠం చివర మేడం కొన్ని ఫోటోలు చూపించింది. మిర్యాలగూడ డాక్టరు ఒకాయన పేర్లు లేకుండా పాఠం కోసం ఇచ్చినవట. మూడో ఫోటోలో ఉన్నది నాయన పాదం. పొట్టేలు తొక్కి గోరు ఊడిన ఆ రెండో వేలును నేను గుర్తుపట్టనా?

ఈ కాలు ఎందుకు తీయాల్సి వచ్చిందో చెప్పండి, అని మేడం అడిగింది. ఎవరో లేచి, కోత గాయం మేడం, అన్నారు. కాదంది. మడమ పక్కన సన్నటి గీత చూపించి, ఇదీ కోత, కుట్లు పడ్డయి, మూడు వారాలల్ల మానవట్టింది, అంది. దాని కింద నల్లగా అడ్డంగా ఉన్న మూడు పట్టీలు చూపించి, ఇవి కాల్చిన వాతలు, ఎముక దాక పోయినయి, మొద్దుబారిన కాలు కాబట్టి ఆ మనిషికి తెలిసే ఉండదు, చీము పట్టింది, కాలు పోయింది, అంది.

అర్థమైందా అన్నా? నాయన కాలు తీసింది ప్రేమ్‌కుమార్ పార కాదు. ఆ గాయం మానిపోయేది. ఎవరో వాత పెట్టారు. ఎవరని నాయనను అడిగితే యాదికి లేదన్నాడు. మన వాడకట్టులో గొర్రెలకు వాత పెట్టే చువ్వ లేని ఇల్లుందా? మంచి చేద్దామనుకుని ఎవరు చేశారో ఏమో. అది పెద్దగా పట్టించుకోకు. నీకు కావాల్సింది ఒక్కటే. నువ్వు ఎవరి మీద పగ పట్టావో, అతను నాయన కాలు తీయలేదు. అతని కాలును నువ్వు ఊరికే నరికావు. బయటికి రా, అమ్మ చేతి కూడు తిను, మంద చూసుకో. అతని పొలం గట్టు మాత్రం తొక్కకు. నా మీద ఒట్టు.

ఇట్లు,
నీ చెల్లె
మంజుల

తా.క.: జాబు కవర్లో పెట్టి మళ్లీ తీసి చదివాను. చదివితే నాకే భయం వేసింది. నువ్వు ప్రేమ్‌కుమార్‌ను వదిలేసి ఆ వాత పెట్టిన మనిషి కోసం వెతుకుతావు. నీ సంగతి నాకు తెలియదా? వెతకనక్కరలేదు. పెట్టింది నేనే.

నువ్వు మందతో వాడపల్లిలో ఉన్నావు. కుట్లు విప్పాక కూడా నాయన పుండు ఒక మూల రసి కారుతుండేది. మందల నీ చెయ్యి తిరిగిందే కదా బిడ్డా, జర వాత పెట్టు, అని నాయనే అడిగాడు. అమ్మ పొయ్యి ఊదింది. గొర్రె పుండుకు మనకొక లెక్క ఉంది కదా, అది తన్నేదాకా పెట్టాలి. తన్నిందంటే వేడి పచ్చి కండకు అందినట్టు. నాయన కదలలేదు. చాల్లేదనుకున్నాను. చువ్వను ఎర్రగా కాల్చి మళ్లీ పెట్టాను. కదలలేదు. మూడోసారి మాంసం కాలిన వాసనకు అమ్మ బయటికి పోయింది. నాయన నా తల నిమిరి, నీ చెయ్యి సల్లగుంది బిడ్డా, ఏం తెలుస్తలేదు, అన్నాడు. నేను పొంగిపోయాను.

ఫోటో చూసిన రోజు నుంచి రెండు నెలలు నోరు మూసుకున్నాను. ప్రేమ్‌కుమార్ తన తప్పనుకుని నీ పేరు చెప్పకుంటేనే నువ్వు బయటికొస్తావు మరి. కానీ ములాఖత్‌లో నువ్వన్న మాట విన్నాక, నువ్వు బయటికొచ్చేది దేనికో తెలిసింది. మొన్న గురువారం అతను మళ్లీ ఆనె చెక్కించుకోవడానికి వస్తే అంతా చెప్పేశాను. నాయనకు కూడా చెప్పే చేశాను. అప్పటి నుంచి నాయన నాతో మాట్లాడటం లేదు.

ప్రేమ్‌కుమార్ వంగి తన మడమ తడుముకున్నాడు. తర్వాత, మరి నా కాలు దేనికి పోయింది చెల్లె, అని అడిగాడు.

పద్దెనిమిదో తారీఖు కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. నీ పేరు చెప్తానన్నాడు.